గాలంతో పుట్టిన చేప

పిల్లలు అక్వేరియం కావాలంటే మనకు ముందు గుర్తొచ్చేది గోల్డ్‌ఫిష్. ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవారి చూపు మాత్రం ఒక్కోసారి ఫ్రాగ్‌ఫిష్ మీద పడుతుంది. దీన్ని మనం కప్పచేప అనుకుందాం.

కప్పచేప ఈదడం తక్కువ, రెక్కలనే కాళ్ళలా వాడి నడవడం ఎక్కువ. స్పాంజి పక్కన చేరితే స్పాంజిలాగే కనిపిస్తుంది. కొన్ని వారాల్లో రంగు కూడా మార్చుకోగలదు. తలమీది మొదటి ముల్లే దీని గాలం, దాని కొసన ఎర. కదలకుండా కూర్చుని ఎరను ఆడిస్తుంది. చేప దగ్గరికి రాగానే, సెకనులో వందో వంతు కూడా పట్టకుండా, నోట్లోకి పీల్చేస్తుంది. ఇండోనేషియాలోని అంబన్ దీవి దగ్గర కనిపించిన చారల జాతికి 2009లో శాస్త్రీయ నామం పెట్టారు. తేలియాడే సర్గాసమ్ నాచులో దాగే జాతి మన సముద్రాల్లోనూ ఉంది.

ఇంటి తొట్టిలో ఆ నోరే దానికి ముప్పు. తనంత పొడవున్న చేపనైనా మింగబోతుంది. అది అడ్డం పడితే రెండూ చనిపోవచ్చు. అందుకే ఒంటరిగా పెంచాలి. ఎర ఆడించినప్పుడల్లా ఆకలేమోనని మేత వేయకండి. పెద్ద చేపకు వారానికి రెండు మూడుసార్లు, చిన్న ముక్కలు చాలు. గోల్డ్‌ఫిష్ వంటి మంచినీటి చేపలను మేతగా వాడవద్దు. తొట్టి మార్చేటప్పుడు వలతో పైకి ఎత్తితే గాలి మింగుతుంది. నీళ్ళలోనే డబ్బాలోకి మళ్ళించి, నీటితో సహా తీయాలి.

పిల్లలు ఎంతసేపైనా చూడవచ్చు. మేత డబ్బా మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.