వాషింగ్ మెషిన్‌లో బూజు, దుర్వాసన – కారణాలు, నివారణ

ఈ నెల ఆరోగ్య పాఠంలో మనలో చాలామంది ఇళ్లలో ఉన్న వాషింగ్ మెషిన్ శుభ్రత గురించి తెలుసుకుందాం. బట్టలు శుభ్రం చేసే యంత్రానికి వేరే శుభ్రత ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ "ఉతికిన బట్టలే ముక్కిన వాసన వస్తున్నాయి సిస్టర్" అనే మాట మేము తరచుగా వింటున్నాము. అలాంటప్పుడు కొందరు పనిమనిషిని, కొందరు కోడలిని తప్పుపడతారు. చాలాసార్లు తప్పు మనిషిది కాదు, మెషిన్ లోపల ఆరని తడిది.

బూజు ఎందుకు పడుతుంది?

పూర్వం బండ మీద బట్టలు ఉతికేవారు. ఉతకడం అయ్యాక ఆ బండ కాసేపట్లోనే ఎండకు ఆరిపోయేది. మెషిన్ లోపలి భాగానికి ఎండ తగలదు, మూత వేస్తే గాలీ తగలదు. బూజు పెరగడానికి తడి, ఆహారం, గాలి ఆడని చోటు చాలు. మెషిన్‌లో ఈ మూడూ దొరుకుతాయి.

ఆహారం అంటే ఏమిటి? మన ఒంటి నుండి రాలే చర్మపు పొట్టు, చెమట, తలనూనె, పసిబిడ్డ కక్కిన పాలు, బట్టల నూగు. వీటికి తోడు మనమే వేసే సబ్బు పొడి. వాసన వస్తోందని పొడి ఇంకొంచెం ఎక్కువ వేయడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. ఎక్కువైన పొడి పూర్తిగా కరగక, కడిగినా పోక, డ్రమ్ము వెనుక జిగురులా అంటుకుంటుంది. ఆ జిగురులోనే బూజు, సూక్ష్మక్రిములు కాపురం పెడతాయి. బట్టలు మెత్తబడటానికి వాడే సువాసన ద్రవం కూడా ఇటువంటి పొరనే మిగులుస్తుంది. బోరు నీరు వాడే ఇళ్లలో సున్నపు పొర పేరుకుని, మురికి దానికి పట్టుకుంటుంది. ఎప్పుడూ చన్నీళ్లతోనే ఉతికితే ఈ పొర కరగడానికి అవకాశమే ఉండదు.

బట్టలు ఆరాక వాసన లేకుండా ఉండి, తువ్వాలు ఒళ్లు తుడుచుకోగానే మళ్లీ వాసన రావడం మీరు గమనించే ఉంటారు. దీనికి ముఖ్య కారణం మొరాక్సెల్లా అనే బాక్టీరియా అని 2012లో జపాన్ పరిశోధకులు తెలిపారు. అది ఆరిన బట్టలో కూడా బతికి ఉండగలదు, తడి తగలగానే మళ్లీ వృద్ధి చెందుతుంది.

ఆరోగ్యానికి హాని ఏమిటి?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి ఈ వాసన చిరాకు కలిగిస్తుందే గాని పెద్దగా ప్రమాదం చేయదు. అనవసరంగా భయపడవద్దు. అయితే కొందరి విషయంలో జాగ్రత్త అవసరం.

ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి బూజు రేణువుల వల్ల తుమ్ములు, దగ్గు, ఆయాసం ఎక్కువ కావచ్చు. ఇంట్లో ఒకరికి తామర ఉంటే, అందరి లోదుస్తులు, తువ్వాళ్లు కలిపి చన్నీళ్లలో ఉతికినప్పుడు ఆ శిలీంధ్రం ఒకరి బట్టల నుండి మరొకరి బట్టలకు చేరవచ్చు. 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే అది నశిస్తుంది.

నెలలు నిండకుండా పుట్టిన శిశువులు, ఆపరేషన్ గాయం ఉన్నవారు, మంచం పట్టిన వృద్ధులు, క్యాన్సర్ మందులు వాడేవారి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. జర్మనీలోని ఒక ఆసుపత్రిలో 2012–13లో 13 మంది నవజాత శిశువుల శరీరంపై, మరొక బిడ్డ శరీరంపై క్లెబ్సియెల్లా అనే మొండి బాక్టీరియా కనిపించింది. ఎక్కడి నుండి వచ్చిందని వెతికితే, బిడ్డల ఊలు టోపీలు, మేజోళ్లు ఉతికే ఇంటి రకం వాషింగ్ మెషిన్‌లో, దాని పౌడరు అరలో, తలుపు రబ్బరులో అది దొరికింది. మెషిన్ తీసివేయగానే వ్యాప్తి ఆగింది. దేవుని దయవలన ఏ బిడ్డకూ జబ్బు చేయలేదు. ఆసుపత్రి బట్టలను కనీసం 71 డిగ్రీల వేడినీటిలో 25 నిమిషాలు ఉతకాలనే నియమం ఎందుకు పెట్టారో దీనివల్ల అర్థమవుతుంది.

ప్రతిసారీ చేయవలసినవి

1. ఉతకడం పూర్తికాగానే బట్టలు తీసి ఆరేయండి. రాత్రి వేసి ఉదయం తీయడం మానండి.
2. ముందు తలుపు ఉన్న మెషిన్‌లో రబ్బరు మడతను వేలితో విప్పి, పొడిగుడ్డతో తుడవండి. అక్కడే నీరు, వెంట్రుకలు, పిన్నులు నిలిచి ఉంటాయి.
3. మూత లేక తలుపు కొంచెం తెరిచి ఉంచండి. పౌడరు అర కూడా బయటకు లాగి ఉంచండి.
4. పొడి కొలిచి వేయండి. ముందు తలుపు మెషిన్‌కు నురుగు తక్కువ వచ్చే పొడినే వాడండి.
5. విడిచిన తడి బట్టలను మెషిన్‌లో దాచవద్దు. వాటికి వేరే బుట్ట పెట్టండి.

నెలకొకసారి చేయవలసినవి

ముందుగా ప్లగ్గు తీయండి. పౌడరు అర బయటకు తీసి పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగండి. నూగు పట్టే జాలీని, కింద ఉన్న ఫిల్టరును శుభ్రం చేయండి. ఫిల్టరు తిప్పేముందు కింద పళ్లెం, పాతగుడ్డ పెట్టండి, నీరు కారుతుంది. వేడినీటితో ఉతికిన వెంటనే దాన్ని తెరవవద్దు, కాళ్లు కాలుతాయి.

తర్వాత బట్టలు లేకుండా, మెషిన్‌లో ఉన్నంత ఎక్కువ వేడితో, కనీసం 60 డిగ్రీలతో, ఒకసారి తిప్పండి. 'టబ్ క్లీన్' అనే బటన్ ఉంటే అదే వాడండి. నీరు వేడిచేసే ఏర్పాటు లేని మెషిన్లకు కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతి పాటించండి. ప్లాస్టిక్ తొట్టి ఉన్న మెషిన్‌లో మరిగే నీరు పోయకూడదు. రెండు తొట్ల మెషిన్ వాడేవారు పిండే తొట్టిని కూడా తుడిచి ఆరనివ్వాలి. నీరు పోయే గొట్టంలో మురుగు నిలవకుండా చూడాలి.

రబ్బరుపై నల్ల మచ్చలు పోకపోతే, ఒక వంతు ద్రవ బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీరు కలిపి, చేతితొడుగు వేసుకుని గుడ్డతో పూసి, పది నిమిషాల తర్వాత నీటిగుడ్డతో బాగా తుడవండి. మచ్చ కొంత మిగిలినా జిగురు, వాసన పోతే చాలు.

ముఖ్య హెచ్చరికలు

బ్లీచ్‌ను వెనిగర్‌తో గాని, నిమ్మ ఉప్పుతో గాని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గాని ఎన్నడూ కలపకండి. విషవాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని కలుగుతుంది.

తలుపు తెరిచి ఉంచమన్నాము గాని, పసిపిల్లలున్న ఇంట్లో వారు ఆడుకుంటూ మెషిన్‌లోకి దూరే ప్రమాదం ఉంది. తలుపు వెడల్పుగా తెరిచి వదిలేయకండి. పిల్లలు అటు వెళ్లకుండా ఆ గది గడియ వేయండి. అది వీలుకాకపోతే లోపల బాగా తుడిచి తలుపు మూసి, పిల్లలు నిద్రపోయాక తెరవండి. సబ్బు పొడి, బ్లీచ్ వారికి అందని ఎత్తులో ఉంచండి.

ముక్కిన వాసన పోవాలని బట్టల మధ్య కలరా ఉండలు పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. పురిటిబిడ్డ బట్టలకు, దుప్పట్లకు ఇది ఎంతమాత్రం తగదు. జి-6-పి-డి అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలకు ఆ వాసన వలన ఎర్ర రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చు. అవి ముదిరితే మెదడు దెబ్బతింటుంది. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పైకి చూసి చెప్పలేము. కాబట్టి బిడ్డ బట్టలు మళ్లీ ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి వాడండి. వానాకాలంలో ఫ్యాను గాలికి ఎడంగా ఆరేయండి. చెమ్మ పూర్తిగా పోకుండా బీరువాలో పెట్టకండి.

చివరిగా ఒక మాట. లేవీయకాండము 13వ అధ్యాయంలో బట్టలలో పుట్టే పొడను గురించి ఆజ్ఞలు ఉన్నాయి. యాజకుడు ఆ బట్టను చూడాలి, ఏడు దినములు వేరుగా ఉంచాలి, మళ్లీ చూడాలి, ఉతికించాలి. వాసన దాచిపెట్టమని కాక, దగ్గరగా చూడమనే ఆ భాగం మనకు నేర్పుతుంది. ఈ వారమే మీ మెషిన్ రబ్బరు మడత విప్పి చూడండి.

స్త్రీల సమాజంలో చర్చించుటకు ప్రశ్నలు

1. సబ్బు పొడి ఎక్కువ వేస్తే వాసన ఎందుకు పెరుగుతుంది?
2. బ్లీచ్‌తో ఏవి కలపకూడదు?
3. పురిటిబిడ్డ బట్టలలో కలరా ఉండలు ఎందుకు పెట్టకూడదు?
4. మీ ఇంట్లో ఎవరి బట్టలు వేడినీటిలో వేరుగా ఉతకాలి?