డీజిలు ఇంజనుకు చమురెంత పట్టును?

పైరు పొట్టదశలో నున్నప్పుడు కాలువనీరు అందకపోయినచో రైతునకు బావి మీది ఆయిలింజనే దిక్కగును. అప్పుడు ఇంటిలో పుట్టు ప్రశ్న యొక్కటియే. మిగిలిన తడులకు డీజిలు ఎంత కావలెను? తక్కువ తెచ్చినచో పైరు నడుమ నెండును; ఎక్కువ తెచ్చుటకు అప్పు చేయవలసి వచ్చును. ఐదు అశ్వశక్తుల ఇంజను గంటకు లీటరు త్రాగునని పలువురు అలవాటుచొప్పున చెప్పుదురు. ఆ మాట ఒకచోట నిజమగును, మరియొకచోట కాదు. సరియైన లెక్క యెట్లు కట్టవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఉన్నత పాఠశాలలో నేర్చిన గణితము దీనికి చాలును.

1. ఇంజను పనిచేయు విధము

ఈ యంత్రమును నిర్మించినవాడు రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు. ఆయన 1858లో పారిస్ నగరమున జన్మించెను. 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణమున ఆయన యంత్రమును పరీక్షింపగా, చమురులోని వేడిమిలో నూటికి సుమారు 26 పాళ్లు పనిగా మారుచున్నట్లు తేలెను. ఆనాటి సామాన్యమైన ఆవిరియంత్రములు అందులో సగమైనను రాబట్టజాలకుండెను.

పెట్రోలు ఇంజనులోవలె దీనిలో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. పిస్టను సిలిండరులోని గాలిని పదునైదు మొదలు ఇరువది రెట్ల వరకు అదుమును. అదుమబడిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి కాగును. అందులోనికి నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా, అది తనంతట మండి పిస్టనును నెట్టును.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఒకే వేగమున ఆడు చిన్న ఇంజనులోనికి ప్రతిసారి పోవు గాలి యించుమించు ఒకే పరిమాణము. మారునది డీజిలు మాత్రమే. బరువు హెచ్చి వేగము తగ్గబోగానే గవర్నరను భాగము ఎక్కువ డీజిలును విడుచును. బరువు తగ్గినచో తగ్గించును. కాబట్టి రేకుమీద చెక్కిన అశ్వశక్తిని బట్టి గాక, ఇంజను నిజముగా చేయు పనిని బట్టియే చమురు ఖర్చగును.

2. అంచనా కట్టు విధము

ఒక సెకనులో 75 కిలోగ్రాముల బరువును ఒక మీటరు ఎత్తు శక్తికి ఒక అశ్వశక్తియని పేరు. ఒక పంపు 200 లీటర్ల డ్రమ్మును 20 సెకనులలో నింపుచున్నదనుకొందము. అనగా సెకనునకు 10 లీటర్లు, లేక 10 కిలోగ్రాముల నీరు. బావిలోని నీటిమట్టము నుండి గొట్టపు మూతి వరకు 10 మీటర్లు. గొట్టములోని రాపిడికి మరి 2 మీటర్లు కలుపుదము. 10ని 12తో హెచ్చింపగా 120. దానిని 75తో భాగింపగా 1.6 అశ్వశక్తి. పంపు తాను గ్రహించిన శక్తిలో సగమే నీటికిచ్చునని తలచినచో, ఇంజను 3.2 అశ్వశక్తుల పని చేయవలెను.

మంచి స్థితిలోనున్న చిన్న ఇంజనుకు తగినంత బరువున్నప్పుడు అశ్వశక్తికి గంటకు సుమారు 200 గ్రాముల డీజిలు పట్టును. బరువు తగ్గినను లోపలి రాపిడి తగ్గదు గనుక, తక్కువ బరువునందు ఈ అంకె పెరుగును. ఇచ్చట 220 గ్రాములుగా తీసికొందము. 3.2ను 220తో హెచ్చింపగా 704 గ్రాములు. లీటరు డీజిలు సుమారు 830 గ్రాములు తూగును గావున, గంటకు 0.85 లీటరు.

రెండెకరముల మడిలో సుమారు 5 సెంటీమీటర్ల నీరు నిలుపుటకు ఈ పంపు 12 గంటలు ఆడవలెను. నాలుగు తడులకు 48 గంటలు. అనగా సుమారు 41 లీటర్లు.

3. కొలిచి చూచు విధము

అంచనా యెంత చక్కనిదైనను కొలతకు సాటిరాదు. ఇంజనును బరువుతో పావుగంట ఆడించి వేడెక్కనిచ్చి ఆపవలెను. టాంకిలో ఒక గుర్తు వరకు డీజిలు నింపవలెను. సరిగా ఒక గంట ఆడించి, మరల ఆపి, కొలపాత్రతో ఆ గుర్తు వరకే పోయవలెను. పోసినంతయు ఖర్చయినదన్నమాట. ఇట్లు మూడు మారులు చేసి సరాసరి కట్టవలెను. పోయునప్పుడు దరిదాపుల నిప్పు ఉండరాదు. మూసిన గదిలో ఇంజనును ఆడింపరాదు. దాని పొగ ప్రాణాంతకము.

4. కొలత అంచనాను మించినచో

గంటకు 1.2 లీటర్లు పట్టినదనుకొందము. 48 గంటలకు సుమారు 58 లీటర్లగును; అనగా 17 లీటర్లు అదనము. డ్రమ్ము మునుపటివలెనే 20 సెకనులలో నిండుచున్నచో ముందుగా ఇంజనువైపు చూడవలెను. నల్లని పొగ డీజిలు పూర్తిగా మండుటలేదని తెలుపును. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసికొనియుండవచ్చును, నాజిలు చెడియుండవచ్చును, లేదా బరువు మితిమీరి యుండవచ్చును. నీలపు పొగ వచ్చినచో కందెన నూనె మండుచున్నదని గ్రహింపవలెను.

డ్రమ్ము నిండుటకు 30 సెకనులు పట్టినచో లోపము చాలవరకు పంపువైపున నుండును. బెల్టు జారుట, ఫుట్‌వాల్వునకు చెత్త పట్టుట, గొట్టపు అతుకులలో గాలి దూరుట ఇందుకు కారణములు. ఇట్టి లోపము మోసకరమైనది. గంట ఖర్చు పెరిగినట్లు కనబడకపోవచ్చును గాని, 12 గంటల తడి 18 గంటలగును. కాబట్టి గంటకెంతయని మాత్రమే యడుగక, తడికెంతయని యడుగవలెను.

విద్యార్థులారా, ఈ సెలవులలో గడియారము, కొలపాత్ర, డ్రమ్ము తీసికొని మీ తండ్రిగారితోగాని మామగారితోగాని బావివద్దకు పొండు. ఈ లెక్కను వారి యెదుటనే కట్టి చూపుడు. తలిదండ్రులారా, పిల్లలు తెచ్చిన అంకెలను ఒక పుస్తకమున వ్రాయించి, ప్రతి పంటకు సరిపోల్చుడు. ఖర్చు పెరిగిన తొలినాడే కారణము వెదకినవారికి చమురును మిగులును, పైరును దక్కును.