నీటి మూలధనము, నీటి వడ్డీ

సౌదీ అరేబియా దేశమున, ఎర్ర సముద్రపు టొడ్డున జిద్దా నగరము కలదు. అందలి షరఫియా పేట భారతీయ వలస కార్మికులు విరివిగా నివసించు స్థలము. ఆ దేశమున ఏడాది పొడవునా పారు నది యొక్కటియు లేదు. అయినను షరఫియా ఇండ్లకు నీరు అందుచున్నది. ఆ నీటి వెల యెంత, దానిని చెల్లించువారెవరు అను ప్రశ్నలు చెరకు తోటలకు వలసపోయిన తెలుగువారి సంతతికిని విచారింపదగినవి.

పూర్వము జిద్దావాసులు వాననీటిని తొట్లలో నిలువచేసికొనిరి. 1947లో వాదీ ఫాతిమా ఊటల నీరు గొట్టముల ద్వారా నగరమునకు వచ్చెను. 1970 నుండి సముద్రజలమును మంచినీరుగా మార్చు పెద్ద కర్మాగారము పనిచేయసాగెను. ఉప్పును వేరుచేయుటకు విశేషముగా ఇంధనము ఖర్చగును. మిగిలిన చిక్కని ఉప్పునీరు మరల సముద్రమునకే పోవును. కావున అచ్చటి కుళాయి నీటి వెలలో చమురు వెలయు చేరియున్నది.

దేశపు లోతట్టు భాగమున వేరొక కథ జరిగినది. వేల సంవత్సరముల క్రిందట వానలు మెండుగా కురిసిన కాలమున ఇంకిన జలము అచ్చటి భూగర్భమున నిలిచియున్నది. నేటి స్వల్ప వర్షములు దానిని తిరిగి నింపజాలవు. ప్రభుత్వము గోధుమలకు ప్రపంచపు ధర కంటె అనేక రెట్లు అధికమైన ధర చెల్లించుటచే, ఆ నీటితో ఎడారి పచ్చబడెను. 1990 దశకారంభమున పంట ఏటా సుమారు 40 లక్షల టన్నులకు చేరెను. కొంత విదేశములకును ఎగుమతి అయ్యెను. కిలో గోధుమలకు వెయ్యి లీటర్లకు పైగా నీరు కావలెను. ధాన్యమునకు ధర కట్టిరి గాని, తరిగిపోవు నీటికి ధర కట్టలేదు. 2008లో ప్రభుత్వము ఈ కొనుగోళ్ళను క్రమముగా తగ్గింప నిర్ణయించి, 2016 నాటికి నిలిపివేసెను. 2018 తరువాత పరిమితముగా మాత్రమే గోధుమ సాగును మరల అనుమతించెను.

ఇందలి అర్థశాస్త్ర సూత్రము సులభమైనది. ఏటేటా వాన తెచ్చు నీరు వడ్డీ. భూగర్భమున చేరిన ప్రాచీన జలము మూలధనము. వడ్డీతో జీవించు గృహము నిలుచును. మూలధనమును తినివేయు గృహము కొంతకాలము వైభవముగా కనిపించి పిదప కూలును.

తెలుగునాట చెరువు ఈ సూత్రముపైననే నిలిచినది. 13వ శతాబ్ది నాటి కాకతీయుల పాకాల, రామప్ప చెరువులు ఆ యేటి వానను ఆ యేటి పంటకు అందించినవి. నీటిని పంచు నీరటికి రైతులు పంటలో కొంత భాగమిచ్చిరి. నీరు తగ్గిన యేట సాగును తగ్గించిరి. పూడిక తీసిన మట్టి పొలమునకు ఎరువయ్యెను.

అయితే తెలుగువారును ఈ పాఠమును మరచిన కాలము కలదు. చెరువులు పూడిపోగా బోరుబావులు పెరిగెను. 2004లో ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట, నీరు తోడుటకు అయ్యెడి ఖర్చు రైతు కంటికి కానరాదయ్యెను. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పునరుద్ధరణకు పూనుకొనెను.

మారిషస్ నందైనను, ఫీజీ యందైనను, షరఫియా యందైనను నీటిని వాడువారు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ నీరు వడ్డీయా, మూలధనమా? నేడు కట్టని వెలను రేపు పిల్లలు కట్టవలసియుండును.