యుద్ధకాలమున గృహోపకరణములు

కుర్చీ, బల్ల, మంచము, బీరువా - ఇవి శాంతికాలమున మిక్కిలి సామాన్యములైన వస్తువులు. వాని విలువ అవి లేనినాడు గాని తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటను ప్రజలకు అట్టి దినములు ప్రాప్తించెను.

1939 సెప్టెంబరులో యుద్ధము ప్రారంభమయ్యెను. బ్రిటనుకు కావలసిన కలపలో అధికభాగము ఓడలపై విదేశములనుండి వచ్చుచుండెను. శత్రువుల జలాంతర్గాములు ఓడలను ముంచుచుండుటచే ఆ దిగుమతి క్షీణించెను. వచ్చిన కలపకును సైన్యావసరములే ముందు నిలిచెను. 'మస్కిటో' అను యుద్ధవిమానము ప్రధానముగా కొయ్యతోడనే నిర్మింపబడెడిది. ఇంతలో 1940 సెప్టెంబరు మొదలు లండను మున్నగు నగరములపై బాంబుల వర్షము కురిసెను. వేలకొలది కుటుంబములు ఇండ్లతోపాటు ఇంటి సామగ్రిని గూడ కోల్పోయెను. వస్తువులు కొఱతపడగా ధరలు మిన్నుముట్టెను. పాతసామాను సయితము పేదలకు అందని పండయ్యెను.

ఉన్న కొలది కలపను ఎవరికి పంచవలెను? ధనమున్నవారికా, అవసరమున్నవారికా? ప్రభుత్వము రెండవ మార్గమునే అవలంబించెను. 1942లో వాణిజ్యశాఖామంత్రియగు హ్యూ డాల్టన్ ఒక సలహాసంఘమును నియమించెను. అందు గోర్డన్ రస్సెల్ ఒక సభ్యుడు. అతడు చేతిపనితనమును, యంత్రముల శక్తిని చక్కగా నెఱిగిన వడ్రంగపు పరిశ్రమాధిపతి. కుర్చీల తయారీకి పేరొందిన హై వికమ్ పట్టణమునకు చెందిన క్లించ్, కట్లర్ అను ఇరువురు నమూనాలను రచించిరి. 1943లో వాని పట్టిక ప్రకటింపబడెను.

ఆ సామగ్రియందు లతలు, పువ్వులు చెక్కిన అలంకారములు లేవు. పలుచని చెక్కలను అతికించి చేయు పలకలు విమానములకు కావలసియుండుటచే, వానికి బదులుగా కొయ్యపీచును అదిమి చేసిన పలకలను వాడిరి. కాని దృఢత్వమున లోపము రానీయలేదు. ఒక కొయ్య కొనను సన్నగా చెక్కి, వేఱొక కొయ్యయందు తొలిచిన రంధ్రమున బిగించు ప్రాచీనపద్ధతినే అనుసరించిరి. ధరలను ప్రభుత్వమే నిర్ణయించెను. రెండు 'సి' అక్షరములును, 41 అను అంకెయు గల ముద్ర ఈ వస్తువులకు గుర్తు. 1941లో వస్త్రములతో మొదలైన ఆ ముద్ర పిదప గృహోపకరణములకును వచ్చెను.

నూతన దంపతులకును, బాంబులవలన ఇల్లు కోల్పోయినవారికిని మొదట అనుమతిపత్రము లొసగబడెను. ఒక్కొక్క వస్తువునకు ఇన్ని యూనిట్లని విలువ కట్టిరి. తొలుత ఒక కుటుంబమునకు 60 యూనిట్లు లభించెను. తరువాత అవి 30కి తగ్గెను. ధనికుడైనను అంతకుమించి పొందుటకు వీలులేకుండెను.

పింగాణి పాత్రలకును ఇదే గతి పట్టెను. 1942 నుండి స్వదేశమున అమ్ముటకు రంగుబొమ్మల పాత్రలు చేయరాదని శాసించిరి. తెల్లని సాదా పాత్రలే, ఒక్కొక్కప్పుడు పిడిలేని గిన్నెలే, తేనీటికి ఉపయోగపడెను.

ఈ నిరాడంబరత అందఱికిని రుచింపలేదు. తమ యిష్టమును ప్రభుత్వము నిర్ణయించుటయేమని కొందఱు విసిగిరి. 1945లో యుద్ధము ముగిసినను కొఱత తీరకపోవుటచే ఈ ఏర్పాటు 1952 వఱకు సాగెను. నిబంధనలు తొలగగానే జనులు రంగులను, అలంకారములను ఆదరముతో ఆహ్వానించిరి. అది సహజమే.

అయినను ఆనాటి కుర్చీలు కొన్ని నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నవి. లేమియందు సమముగా పంచుకొనుటయు, చౌకవస్తువునైనను శ్రద్ధతో చేయుటయు ఒక జాతికి ఎంతటి బలమో అవి చాటుచున్నవి.