ఫోన్ ఇచ్చే ముందు పని చెప్పండి



జూలై వచ్చిందంటే మన గోదావరి జిల్లాల్లో కొన్ని ఉదయాలు ఎలా మొదలవుతాయో మీకు తెలుసు. రాత్రంతా వాన. ఏడు గంటలకు క్లాస్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్: ఈ రోజు స్కూలుకు సెలవు. చాలా ఇళ్లలో ఆ మెసేజ్ ముందుగా చదివేది పిల్లలే. ఇక ఆ ఫోన్ సాయంత్రం దాకా వాళ్ల చేతిలోంచి దిగదు. బయట ఆడుకోవడానికి లేదు, ఇంట్లో మీ పనులు మీకు ఉంటాయి. "కాసేపు చూసుకో" అని మీరే ఇస్తారు. ఆ కాసేపు ఎప్పటికి అవుతుందో ఎవరికీ తెలియదు.

పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల తర్వాత మాకు ఎక్కువగా వినిపించే మాట కూడా ఇదే. "మీరు చెబితే వింటాడండి, ఫోన్ ముట్టుకోవద్దని చెప్పండి" అంటారు. చెప్పే ముందు మా వైపు పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. హోంవర్కు, వర్క్‌షీట్లు, సర్క్యులర్లు వాట్సాప్‌లో పంపేది మేమే. ఫోన్ వద్దనేదీ మేమే. ఈ రెండు మాటల మధ్య పిల్లలు ఏది వినాలి? అందుకే ఈ నెల "వద్దు" అనే మాటను పక్కన పెడదాం. ఫోన్ ఎలా ఇవ్వాలో చూద్దాం.

ముందు పని, తర్వాత ఫోన్

"అమ్మా, ఫోన్ ఇవ్వవా" అనగానే "దేనికి?" అని అడగండి. కోపంగా కాదు, మామూలుగా. "మ్యాథ్స్ వర్క్‌షీట్ రాసుకోవాలి", "నాన్నకు వీడియో కాల్ చేస్తా", "ఒక కార్టూన్ చూస్తా". ఈ మూడూ సరైన జవాబులే. సరదా కూడా పనే. పేరు పెట్టి చెప్పగలిగితే చాలు.

దీనివల్ల లాభం ఏమిటంటే, పేరున్న పనికి ముగింపు ఉంటుంది. వర్క్‌షీట్ నోట్సులోకి ఎక్కితే ఆ పని అయిపోయింది. రీల్స్‌కు, షార్ట్స్‌కు ముగింపు లేదు. ఒకటి అయ్యేసరికి మరొకటి వచ్చేలా వాటిని తయారు చేశారు. మధ్యలో ఫోన్ లాక్కుంటే, సగం ముద్దలో కంచం లాగేసినట్టు పిల్లలు విలవిల్లాడతారు.

ఈ మాట నేను నేర్చుకున్నది మా ఇంట్లోనే. కిందటేడు ఇలాంటి వాన సెలవు రోజునే, ఏడో తరగతి చదివే మా అబ్బాయి గంట నుంచి ఫోన్ వదలడం లేదని విసుక్కుని లాగేసుకున్నాను. వాడు ఏమీ అనలేదు. రాత్రి చూస్తే, జ్వరంతో వారం రోజులుగా స్కూలుకు రాని స్నేహితుడికి సైన్స్ నోట్సు ఒక్కో పేజీ ఫొటో తీసి పంపుతున్నాడు. పదకొండు పేజీలు వెళ్లాయి, మిగతావి ఆగిపోయాయి. వాడికి సారీ చెప్పాను. కానీ ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూడగానే ఫోన్ బోర్లా పెట్టేసేవాడు. ముందు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అంతదూరం వచ్చేది కాదు.

నాన్న గల్ఫ్‌లోనో, అమ్మ కువైట్‌లోనో ఉండి, అమ్మమ్మ, తాతయ్యల దగ్గర చదువుకునే పిల్లలు మన స్కూల్లోనూ ఉన్నారు. వాళ్లకు ఆ చిన్న తెరే అమ్మ, అదే నాన్న. అమ్మానాన్నలతో మాట్లాడే సమయాన్ని ఫోన్ చూసే సమయంలో కలపకండి. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దనే భారత శిశువైద్యుల సంఘం కూడా అప్పుడప్పుడు ఇంట్లో వాళ్లతో చేసే వీడియో కాల్‌ను మినహాయించింది. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే ఉండాలని ఆ సంఘం సూచన.

ఇద్దరు వాడే ఫోన్

చాలా ఇళ్లలో పిల్లలకు విడిగా ఫోన్ లేదు, ఉండక్కర్లేదు కూడా. అమ్మ ఫోనే వాడతారు. అందులోనే బ్యాంకు యాప్ ఉంది, కుటుంబ ఫొటోలున్నాయి, బంధువుల గ్రూపులున్నాయి. అందుకే ఈ ఆదివారం ఒక పావుగంట కూర్చుని ఇవి సరిచేసుకోండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైనున్న వెతికే చోట "పిన్" అని కొట్టండి. యాప్ పిన్నింగ్, స్క్రీన్ పిన్నింగ్ లాంటి పేరుతో ఒక సదుపాయం కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి, బయటికి రావాలంటే ఫోన్ లాక్ నంబరు అడిగేలా పెట్టండి. అప్పుడు వర్క్‌షీట్ తెరిచి ఇస్తే వర్క్‌షీట్ ఒక్కటే ఉంటుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లలో ఇదే పనికి యాక్సెసిబిలిటీలో గైడెడ్ యాక్సెస్ ఉంది.

ఇంట్లో ట్యాబ్ ఉంటే చదువుకు ఫోన్ కంటే అదే మేలు, అక్షరం పెద్దగా కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో పిల్లల కోసం వేరే యూజర్‌ను పెట్టుకోవచ్చు. గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌తో ఏ యాప్ ఎంతసేపో మీ ఫోన్ నుంచే నిర్ణయించవచ్చు. యూట్యూబ్‌లో వీడియో పైభాగాన కనిపించే ఆటోప్లే మీట ఆపేయండి. ఒక కార్టూన్ అన్నప్పుడు ఒకటే వస్తుంది.

ఇక డబ్బు సంగతి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకపోతే చాలు అనుకుంటాం. కానీ యూపీఐ లైట్ పెట్టుకున్న వాళ్లకు చిన్న మొత్తాలు పిన్ లేకుండానే వెళతాయి. చెల్లింపు యాప్‌కు వేలిముద్ర లాక్ విడిగా పెట్టండి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా మార్చండి. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకూడదని పిల్లలకూ, ఇంట్లో పెద్దవాళ్లకూ కలిపి చెప్పండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఆలస్యం చేయకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. పిల్లాడి చేతిలో పొరపాటు జరిగితే ముందు ఆ ఫోన్ చేయండి, మందలింపు తర్వాత చూసుకోవచ్చు. తిడతారని భయపడే పిల్లలు దాచేస్తారు. దాచినంతసేపూ నష్టం పెరుగుతుంది.

కళ్లకు కొబ్బరిచెట్టు

20 నిమిషాలు తెర చూస్తే, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలని కంటి వైద్యులు చెబుతారు. పిల్లలకు అడుగుల లెక్క గుర్తుండదు. "వీధిలోకి వచ్చి ఎదురింటి కొబ్బరిచెట్టు మొవ్వు చూడు" అంటే గుర్తుంటుంది. పడుకుని, దీపం ఆపేసి ఫోన్ చూడనివ్వకండి.

అన్నిటికంటే మేలు చేసేది పగటి వెలుగు. తైవాన్ దేశం 2010 నుంచి స్కూలు పిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట గడిపేలా కార్యక్రమం పెట్టింది. ఏటేటా పెరుగుతూ వచ్చిన చూపు మందగించే సమస్య ఆ తర్వాత కొన్నేళ్లు తగ్గుముఖం పట్టింది. వాన తెరిపి ఇచ్చిన అరగంటా పిల్లల్ని అరుగు మీదికో, డాబా మీదికో పంపండి.

బియ్యం డబ్బాలో పెట్టకండి

ఫోన్ తడిస్తే బియ్యంలో పెట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన చిట్కా. నేనూ పెట్టాను. ఫోన్ ఆరలేదు సరికదా, నూక వెళ్లి ఛార్జింగ్ రంధ్రంలో ఇరుక్కుంది. బియ్యంలో పెట్టవద్దని, సన్నటి రేణువులు ఫోన్‌ను పాడు చేయవచ్చని యాపిల్ సంస్థ కూడా చెబుతోంది. తడిసిన ఫోన్‌ను వెంటనే ఆపేసి, గుడ్డతో తుడిచి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టండి. గాలి ఆడే పొడి చోట ఉంచండి. పూర్తిగా ఆరేదాకా ఛార్జింగ్ పెట్టకండి, ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు. దిండు కింద పెట్టి ఛార్జ్ చేయడం, ఛార్జింగ్‌లో ఉండగా ఆటలాడటం రెండూ ఫోన్‌ను వేడెక్కిస్తాయి. లంక గ్రామాల వాళ్లు వరద హెచ్చరిక వినగానే ఫోన్లు, పవర్ బ్యాంకు నిండా ఛార్జ్ చేసి పెట్టుకోండి.

ఈ నెల పని: గోదావరి నోట్‌బుక్

పని చెప్పి ఫోన్ ఇవ్వడం మొదలుపెట్టడానికి మేమే ఒక పని ఇస్తున్నాం. ఆరో తరగతి పైన పిల్లలు ఉదయం, సాయంత్రం ఐదేసి నిమిషాలు ఫోన్ తీసుకుని, అధికారులు ప్రకటించే రెండు అంకెలు వెతికి నోట్సులో రాయాలి. ఒకటి, భద్రాచలం దగ్గర నీటిమట్టం. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. రెండోది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం. ఇక్కడ హెచ్చరికలు వరుసగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులకు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు ఎన్ని లీటర్లో పిల్లలతోనే లెక్క కట్టించండి.

నెలాఖరుకు ఆ అంకెలతో గ్రాఫ్ గీయాలి. పైన నీరు పెరిగాక ఇక్కడ ఎంతసేపటికి పెరుగుతోందో గ్రాఫే చెబుతుంది. 1986 ఆగస్టు వరదలో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఆ రోజులు ఎలా గడిచాయో తాతయ్యనో, అమ్మమ్మనో అడిగి, ఫోన్‌లో వాళ్ల మాట రికార్డు చేయమనండి. "బ్యారేజీ తెగింది" లాంటి పాత వీడియోలు గ్రూపుల్లోకి వచ్చినప్పుడు, అంకెలు రాసుకునే పిల్లలే ఇంట్లో ముందు "ఇది నిజం కాదు" అని చెప్పగలుగుతారు. ఒక్క జాగ్రత్త: ఫొటో కోసం, సెల్ఫీ కోసం వరద రోజుల్లో ఎవరూ గట్టు దిగకూడదు.

మా వంతుగా, ఈ నెల నుంచి హోంవర్కు డైరీలో కూడా రాయిస్తాం. గ్రూపు చూడలేదని ఏ పిల్లాడికీ హోంవర్కు తప్పదు. మీ వంతుగా, రాత్రి భోజనాల వేళ మీ ఫోన్ కూడా టీవీ పక్కన పెట్టండి. ఏడు రోజులు "దేనికి?" అని అడిగి చూడండి. పిల్లలు చెప్పిన జవాబులు డైరీలో రాసి పంపితే మేమూ చదువుతాం. వాటిలో కొన్ని మన ఇద్దరినీ ఆశ్చర్యపరుస్తాయని నా నమ్మకం.