పూలమొక్క వేళ్లలో రబ్బరు

ప్రశ్న: అడవి పూలమొక్కల నుంచి కూడా రబ్బరు తీస్తారట. నిజమేనా? మన జిల్లేడు పాలు పనికొస్తాయా?

జవాబు: నిజమే. కజకిస్తాన్‌లోని తియాన్‌షాన్ పర్వత లోయల్లో కోక్‌సగిజ్ అనే పసుపు పూల మొక్క పెరుగుతుంది. డాండెలియన్ జాతిది. 1930ల ఆరంభంలో సోవియట్ శాస్త్రవేత్తలు దాని వేళ్లలో రబ్బరు ఉందని గుర్తించారు. ఎండిన వేరును విరిచి మెల్లగా లాగితే సన్నటి రబ్బరు పోగులు సాగుతూ కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆసియా తోటల రబ్బరు అందక సోవియట్ యూనియన్ దీన్ని విస్తారంగా సాగుచేసింది. రబ్బరు చెట్టు గీతకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఈ మొక్క వేళ్లు ఏడాదికే తవ్వుకోవచ్చు. 2019లో జర్మనీకి చెందిన కాంటినెంటల్ సంస్థ దీని రబ్బరుతో సైకిల్ టైర్లు అమ్మకానికి తెచ్చింది.

అయినా ఇది చెట్టును ఇప్పట్లో తోసిరాజనలేదు. వేళ్లు చిన్నవి, కలుపు బెడద ఎక్కువ, ఎకరా దిగుబడి తక్కువ. కానీ ప్రపంచమంతా ఒకే జాతి చెట్టు మీద ఆధారపడటం ప్రమాదకరం. దక్షిణ అమెరికాలో ఆకుమాడు తెగులు రబ్బరు తోటలను నాశనం చేసింది. అందుకే ఈ మొక్కపై పరిశోధన కొనసాగాలి.

జిల్లేడు పాలలో రబ్బరు స్వల్పం, విషం ఎక్కువ. కంట్లో పడితే చూపుకే ముప్పు. దయచేసి ఇంట్లో ప్రయోగాలు చేయకండి.