చిరుధాన్య వంటకాల తయారీలో కొలత నుంచి తూకానికి మార్పిడి

గ్రామీణ గృహాలలో దినుసులను గిద్ద, సోల, తవ్వ, మానికలతోను, నేడు గ్లాసు, కప్పులతోను కొలవడం పరిపాటి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇవన్నీ ఘనపరిమాణాన్ని తెలుపుతాయే కాని బరువును తెలుపవు. ఇంటి వంటకు ఈ పద్ధతి సరిపోతుంది. అదే వంటకాన్ని స్వయం సహాయక బృందం అమ్మకానికి తయారు చేసినపుడు మాత్రం బరువు తెలియడం తప్పనిసరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు 100 గ్రాముల లెక్కన ఉన్నాయి. ప్యాకెట్లపై ముద్రించే పోషక సమాచారం కూడా సాధారణంగా 100 గ్రాములకే ఇస్తారు.

ఒకే గుణకం ఎందుకు చాలదు?

లీటరు నీరు సుమారు ఒక కిలో తూగుతుంది. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములే. గింజల మధ్య గాలి ఖాళీలు ఉంటాయి కనుక, ఆ ఖాళీలతో సహా ప్రమాణ ఘనపరిమాణానికి గల బరువును, అనగా స్థూల సాంద్రతను, లెక్కలోకి తీసుకోవాలి. లీటరు వడ్లు సుమారు 580, మొక్కజొన్న 720, గోధుమలు 770, బియ్యం 800 గ్రాములు తూగుతాయి. ఊక కారణంగా వడ్లు తేలికగా ఉంటాయి. రకం, తేమ శాతం, గింజ పరిమాణాలను బట్టి ఈ విలువలు మారుతాయి. పిండిలో ఈ తేడా మరింత ఎక్కువ. జల్లించి వదులుగా పోసిన పిండికి, పాత్రను తట్టి కుదించిన పిండికి బరువు ఒకటి కాదు.

నిర్ధారణ విధానం

1. ఖాళీ పాత్రను తూచి, అంచు వరకు నీటితో నింపి మళ్లీ తూచాలి. గ్రాములలో వచ్చిన తేడాయే పాత్ర పరిమాణం మిల్లీలీటర్లలో.
2. పాత్రను పూర్తిగా ఆరబెట్టి, దినుసును ఒకే ఎత్తు నుంచి పోయాలి. తట్టరాదు, అదమరాదు.
3. పైభాగాన్ని బద్దతో అంచుకు సమంగా గీసి తూచాలి. ఇట్లు మూడు సార్లు చేసి సగటు తీసుకోవాలి.
4. సగటు బరువును పాత్ర పరిమాణంతో భాగించగా స్థూల సాంద్రత వస్తుంది. ఆపై మిల్లీలీటర్లను ఈ విలువతో గుణిస్తే గ్రాములు, గ్రాములను దీనితో భాగిస్తే మిల్లీలీటర్లు లభిస్తాయి.

ఉదాహరణ

250 మి.లీ. గ్లాసులో వదులుగా పోసిన రాగి పిండి 130 గ్రాములు, తట్టి నింపినది 160 గ్రాములు తూగిందనుకుందాం. స్థూల సాంద్రతలు వరుసగా 0.52, 0.64. పై పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. ఆ లెక్కన మొదటి గ్లాసులో సుమారు 473, రెండవ దానిలో 582 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. 40 గ్లాసుల పిండితో లడ్డూలు చేస్తే పిండి బరువులోనే 1.2 కిలోల తేడా వస్తుంది. బెల్లం, నెయ్యి పాళ్లు తప్పి, లడ్డూ గట్టిపడడమో విడిపోవడమో జరుగుతుంది. ప్యాకెట్‌పై ముద్రించిన పోషక విలువ కూడా వాస్తవానికి దూరమవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

శిక్షణ పత్రాలలో ప్రతి దినుసుకు గ్రాములను ముందుగా, గృహ కొలతను పక్కన ఇవ్వడం మేలు. సోల, మానికల పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారుతుంది కనుక, స్థానిక పాత్రను నీటితో నిర్ధారించిన తరువాతే వాడాలి. బెల్లాన్ని, నువ్వులను, వేరుశనగ పప్పును కూడా విడివిడిగా తూచాలి. ఒకదాని గుణకం మరొకదానికి వర్తించదు. మర లేదా రకం మారినపుడు, వానకాలంలో తేమ పెరిగినపుడు నిర్ధారణ మళ్లీ చేయాలి. బృందానికి ఒక ఎలక్ట్రానిక్ త్రాసు అందుబాటులో ఉంటే ఈ మార్పిడి అవసరమే చాలావరకు తగ్గుతుంది.